పేపర్ బ్రిడ్జిని రెండోసారి కట్టనివ్వండి: క్లాసులో ఇంజినీరింగ్ డిజైన్ ఎలా నేర్పాలి, మొదటి నుంచి చివరిదాకా

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. కొన్నేళ్ల కిందట ఎనిమిదో తరగతి పిల్లలతో మొదటిసారి న్యూస్‌పేపర్ బ్రిడ్జి కట్టించినప్పుడు ఒక్క పీరియడ్‌లో అంతా అయిపోవాలని హడావుడి పెట్టి, ఎవరిది ఎక్కువ బరువు మోసిందో చూసి వాళ్లకి చప్పట్లు కొట్టించి పంపేశాను. మర్నాడు ప్రేయర్ అవ్వగానే ఒకబ్బాయి వచ్చాడు, వాళ్ల గ్రూప్‌ది అందరికంటే ముందు కూలింది, "మేడం, మాది ఎందుకు పడిపోయిందో రాత్రి తెలిసింది, ఇంకోసారి కడతాం" అన్నాడు. సిలబస్ వెనకబడింది నాన్నా, తర్వాత చూద్దాం అన్నాను. ఆ తర్వాత అనేది రానే లేదు. ఇప్పటికీ బాధనిపిస్తుంది, ఎందుకంటే ఆ రోజు ఇంజినీరింగ్ నిజంగా మొదలైంది ఆ పిల్లాడి దగ్గర, దాన్ని ఆపింది నేను.

అప్పట్నుంచి నా పద్ధతి మార్చుకున్నా. ఏ ఛాలెంజ్ ఇచ్చినా రెండుసార్లు కట్టడానికి టైం ఉంటేనే ఇస్తున్నా, లేకపోతే ఇవ్వట్లేదు. మొదటిసారి కట్టింది పిల్లలకి అప్పటికే తెలిసింది చూపిస్తుంది, రెండోసారి కట్టింది వాళ్లు నేర్చుకున్నది చూపిస్తుంది. ఈ గైడ్ మొత్తం ఆ రెండోసారి కోసమే. ఒక్క బ్రిడ్జి ఛాలెంజ్‌నే పూర్తిగా విడమరిచి చెప్తా, అది చేతికి వస్తే మిగతావి మీరే అల్లుకోగలరు.

ముందు పిల్లలకి ఏం చెప్పాలి

డిజైన్ ప్రాసెస్ అని బోర్డు మీద బాణాలతో చక్రం గీసి "అడుగు, ఆలోచించు, గీయి, కట్టు, టెస్ట్ చెయ్యి, మార్చు" అని రాయించకండి, అది ఇంకో బిట్టు కింద మారిపోతుంది. కథ చెప్పండి. నేను చింతకింది మల్లేశం గారి గురించి చెప్తా. పోచంపల్లి చీరల నేతలో ఆసు పొయ్యడం అని ఒక పని ఉంటుంది, కొయ్యల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ వేల సార్లు తిప్పాలి, వాళ్ల అమ్మ లక్ష్మి గారు అది చేసీ చేసీ భుజాల నొప్పులతో బాధపడేవారు. ఆ కష్టం తీర్చాలని 1992లో మొదలుపెట్టి భాగం తర్వాత భాగం కడుతూ, కుదరకపోతే విప్పుతూ, 1999కి ఆయన లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలకి నేను నొక్కి చెప్పేది పద్మశ్రీ గురించి కాదు, మధ్యలో ఉన్న ఆ ఏడేళ్ల గురించి. కట్టిన ప్రతిదీ ఒక ప్రశ్నకి జవాబు చెప్పి ఇంకో ప్రశ్న మిగిల్చింది, ఆయన ఆ ప్రశ్న పట్టుకుని మళ్లీ కట్టారు. మనం కూడా ఈ రెండు వారాలు అదే చెయ్యబోతున్నాం అని చెప్తే చాలు.

సామాన్లు

నలభై మంది క్లాసైతే నలుగురేసి పది గ్రూపులు. ఒక్కో గ్రూప్‌కి ఒక్కోసారికి పాత న్యూస్‌పేపర్ షీట్లు 6 (విప్పితే రెండు పేజీలు పక్కపక్కన వచ్చే పెద్ద షీటు), సెలోటేప్ 50 సెం.మీ., దారం 1 మీటరు. రెండుసార్లకి కలిపి క్లాస్ మొత్తానికి 120 షీట్లు, స్టాఫ్‌రూమ్‌లో పేరుకుపోయిన పేపర్లే సరిపోతాయి. టేప్ కొనడం కష్టమైతే మైదా ఉడికించిన జిగురు వాడండి, కాకపోతే ఆరడానికి ఒక రాత్రి పడుతుంది కాబట్టి ఆ మేరకు ప్లాన్ చేసుకోండి. టెస్ట్ చెయ్యడానికి ఒక చిన్న బకెట్, ఒక లీటర్ వాటర్ బాటిల్, ల్యాబ్‌లో ఉన్న స్ప్రింగ్ త్రాసు, కొలజాడీ.

బరువుగా నీళ్లే వాడండి, ఇది నాకు చాలా పనికొచ్చిన కిటుకు. 1 మిల్లీలీటరు నీళ్లు అంటే 1 గ్రాము, కాబట్టి 200 మి.లీ. పోస్తే 200 గ్రాములు పెరిగినట్టే. తూకం రాళ్లు వెతుక్కోనక్కర్లేదు, పుస్తకాలు పేర్చితే వచ్చే ఎగుడుదిగుడు ఉండదు, పైగా ఘనపరిమాణానికీ ద్రవ్యరాశికీ సంబంధం పిల్లలు చేత్తో పోసి చూస్తారు. ఖాళీ బకెట్ బరువు ముందే తూచి లెక్కలో కలపాలి, ఇది మీరు చెప్పకండి, ఎవరో ఒకరు "మేడం, బకెట్ బరువో?" అని అడిగేదాకా ఆగండి.

రెడీమేడ్ కిట్లు కొనాలా అని చాలామంది అడుగుతారు. ముక్కలన్నీ ఒకే రకంగా మాత్రమే అమరే కిట్ అయితే అందులో డిజైన్ ఉండదు, సూచనలు చదివి బిగించడం ఒక్కటే ఉంటుంది. అదీ మంచి నైపుణ్యమే, కాకపోతే అది వేరే పాఠం. మీ స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు పరికరాలతో సొంతంగా వస్తువులు చేసి చూసే గది) ఉన్నా సరే మొదటి ఛాలెంజ్ పేపర్‌తోనే పెట్టండి, చింపడానికి పిల్లలు భయపడని వస్తువు చేతిలో ఉండాలి.

నియమాలు రాసిపెట్టడం

నాలుగు నియమాలు చార్ట్ మీద రాసి తగిలించండి. రెండు బెంచీల మధ్య దూరం 40 సెం.మీ. బ్రిడ్జిని బెంచీలకి అతికించకూడదు, ఊరికే ఆనించాలి. బరువు సరిగ్గా మధ్యలో వేలాడాలి. ఒక్కోసారి నీళ్లు పోశాక 10 సెకన్లు నిలబడితేనే ఆ బరువు లెక్కలోకి వస్తుంది.

స్కోరు మాత్రం మోసిన బరువు ఒక్కటే పెట్టకండి. అలా పెడితే ఆరు షీట్లూ చుట్టి దుంగలాగా ఒక్కటి చేసేస్తారు, అది నిలబడుతుంది కూడా, కానీ ఎవరూ ఏమీ ఆలోచించరు. మోసిన బరువుని బ్రిడ్జి సొంత బరువుతో భాగించమనండి. 60 గ్రాముల బ్రిడ్జి 1,800 గ్రాములు మోస్తే స్కోరు 30, 90 గ్రాములది 2,250 మోస్తే 25 మాత్రమే. ఈ ఒక్క భాగాహారంతో క్లాసులో మాటలు మారిపోతాయి, "ఇంకో షీటు కలుపుదాం" అనేవాళ్లు కాస్తా "ఈ షీటు అవసరమా" అనడం మొదలుపెడతారు. రెండోసారి కట్టేటప్పుడు దీనికి డబ్బు కూడా జోడిస్తా: షీటు 5 రూపాయలు, టేప్ 10 సెం.మీ.కి 4 రూపాయలు, మొత్తం బడ్జెట్ 45. అన్నీ కొంటే 50 అవుతుంది కదా, అంటే ఏదో ఒకటి వదులుకోవాలి.

గ్రూప్‌లో పనులు ముందే పంచండి: కొలిచేవాళ్లు, గీసేవాళ్లు, సామాను చూసేవాళ్లు, రాసేవాళ్లు. ఈ పనులు ప్రతి పీరియడ్‌కీ మారాలి. మార్చకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశా, కత్తెర మగపిల్లల చేతిలో ఉండిపోతుంది, ఆడపిల్లలు నీట్‌గా రాస్తారని నోట్‌బుక్ వాళ్లకి ఇచ్చేస్తారు, మంచి చేతిపని ఉన్న అమ్మాయి రెండు వారాలూ టేబుల్ గీస్తూ కూర్చుంటుంది. దీన్ని మీరు పట్టించుకుని తీరాలి.

మొదటి పీరియడ్: చేత్తో ముట్టుకుని చూడటం, ఆ తర్వాత గీయడం

కట్టడానికి ముందు ఓ పావుగంట మూడు చిన్న పనులు చేయించండి. ఒకటి, ప్లాస్టిక్ స్కేలుని పడుకోబెట్టి రెండు పుస్తకాల మధ్య పెట్టి వేలితో నొక్కమనండి, వంగుతుంది. అదే స్కేలుని అంచు మీద నిలబెట్టి నొక్కమనండి, వంగదు. వస్తువు అదే, బరువు అదే, మారిందల్లా లోతు, అంటే పై అంచు నుంచి కింది అంచుకి ఉండే ఎత్తు. వెడల్పు అలాగే ఉంచి లోతు రెట్టింపు చేస్తే వంగకుండా నిలబడే గుణం 8 రెట్లు అవుతుంది, ఎందుకంటే అది లోతు ఘనం మీద ఆధారపడుతుంది. రెండు, చీపురు పుల్లల్ని పాత సైకిల్ ట్యూబు ముక్కలతో కట్టి ఒక చతురస్రం, ఒక త్రిభుజం చెయ్యమనండి. మూల పట్టుకుని నెడితే చతురస్రం పక్కకి వాలిపోతుంది, త్రిభుజం వాలదు, మన ఊరి సెల్ టవర్ నిండా, హైటెన్షన్ కరెంటు టవర్ నిండా త్రిభుజాలే ఎందుకుంటాయో అక్కడ తెలుస్తుంది. మూడు, ఒక కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి దాని మీద డస్టర్ పెట్టి చూడమనండి.

ఇప్పుడు డ్రాయింగ్. ముందు నుంచి చూస్తే ఎలా ఉంటుంది, పై నుంచి చూస్తే ఎలా ఉంటుంది, ఈ రెండూ స్కేలుకి గీయాలి. 4 సెం.మీ.ని 1 సెం.మీ.గా తీసుకుంటే 40 సెం.మీ. ఖాళీ నోట్‌బుక్‌లో 10 సెం.మీ. అవుతుంది, పేజీలో చక్కగా పడుతుంది. కొలతలు రాయని డ్రాయింగ్‌కి సామాను ఇవ్వనని ముందే చెప్పండి, చెప్పాక మాట మీద నిలబడండి.

టెక్నికల్ లిటరసీ అంటే ఏంటని అడిగితే నేను చూపించేది ఈ తర్వాతి ఎక్సర్‌సైజ్. ఒక గ్రూప్ గీసిన డ్రాయింగ్ పక్క గ్రూప్‌కి ఇవ్వండి, అందులో ఉన్న ఒక్క గొట్టాన్నో ఒక్క జాయింట్‌నో నోరు విప్పకుండా డ్రాయింగ్ చూసి మాత్రమే చెయ్యమనండి. పది నిమిషాల్లో గోల మొదలవుతుంది, "పెన్సిల్ మందం అని రాశారు, ఏ పెన్సిల్ మేడం?", "టేప్ ఎక్కడ వెయ్యాలో లేదు", "పొడవు రాశారు గానీ సెంటీమీటర్లో అంగుళాలో రాయలేదు". తప్పు ఎవరిదని తేల్చకుండా గీసినవాళ్లకే వెనక్కిచ్చి సరిచేయమనండి. వ్యాసం 1 సెం.మీ. అని రాయడం ఎందుకు అవసరమో ఇంతకంటే బాగా చెప్పే లెక్చర్ నా దగ్గర లేదు.

రెండో పీరియడ్: కట్టడం, కూలడం

కట్టడానికి 25 నిమిషాలు, టెస్ట్‌కి మిగతాది. కట్టేటప్పుడు మీ చేతులు వెనక్కి కట్టుకోండి, నిజంగానే చెప్తున్నా, టీచర్ ఒక్కసారి బ్రిడ్జి ముట్టుకుని సర్దితే అది టీచర్ బ్రిడ్జి అయిపోతుంది. తిరుగుతూ ప్రశ్నలు అడగండి చాలు. "ఎక్కడ ముందు వంగుతుందనుకుంటున్నావ్?" "ఈ ముక్క తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగి, జవాబు వినేసి ముందుకెళ్లిపోండి, తప్పు చెప్పినా దిద్దకండి, ఇంకాసేపట్లో బకెట్టే దిద్దుతుంది.

టెస్ట్‌కి ముందు ప్రతి గ్రూప్ రెండు అంచనాలు రాయాలి, ఎన్ని గ్రాములు మోస్తుంది, ఎక్కడ పాడవుతుంది. రాయకుండా టెస్ట్ లేదు. బకెట్ నేలకి ఒక జానెడు ఎత్తులోనే వేలాడాలి, కింద పాత గోనెసంచి పరవండి, కాళ్లు దూరంగా పెట్టమనండి. ఇద్దరు బ్రిడ్జికి ఒక పక్క కూర్చుని కళ్లు బ్రిడ్జి ఎత్తులో పెట్టి చూడాలి, ఒకరు నీళ్లు పొయ్యాలి, ఒకరు రాయాలి. మీ ఫోన్‌లో స్లో మోషన్ ఉంటే తప్పకుండా తియ్యండి. కూలడం కనురెప్పపాటులో అయిపోతుంది, వీడియో లేకపోతే ప్రతి గ్రూపూ "మధ్యలో విరిగింది మేడం" అనే రాస్తుంది, వీడియోలో చూస్తే సగం గ్రూపులకి మొదట పాడైంది మధ్యభాగం కానే కాదు.

మూడో పీరియడ్: కూలిన బ్రిడ్జిని చదవడం

చాలామంది వదిలేసే పీరియడ్ ఇదే, నేను మాత్రం ఏది తగ్గించినా దీన్ని తగ్గించను. విరిగిన బ్రిడ్జిలు పారెయ్యకుండా గ్రూప్ ముందు పెట్టి, వీడియో చూపించి, ముందు ఏది పాడైందో, దాని వల్ల తర్వాత ఏది పాడైందో వరుసగా రాయమనండి. నాకు ఏటా ఎదురయ్యేవి ఇవి.

దారం కాగితాన్ని కోసుకుంటూ లోపలికి దిగిపోవడం. బ్రిడ్జి బలంగానే ఉంది, బరువంతా దారమంత సన్నటి చోట పడింది. ఇది ఎనిమిదో తరగతి పీడనం పాఠమే, బలం అదే, వైశాల్యం తక్కువ. దారం కింద ఒక మడత కాగితం పెడితే సరిపోతుంది, రైలు పట్టాల కింద స్లీపర్లు వేసేదీ, నట్టు కింద వాషర్ వేసేదీ ఇందుకే అని అప్పుడు చెప్పండి, ముందు చెప్తే అతకదు.

బ్రిడ్జి పైభాగం ముడతలు పడి ముడుచుకుపోవడం. బరువు పడి వంగేటప్పుడు పైభాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. కాగితం లాగితే బాగా తట్టుకుంటుంది, నొక్కితే మడతపడిపోతుంది, అందుకే పైనున్న గొట్టం ముందు లొంగిపోతుంది. సంపీడనం, తన్యత అనే మాటలు తర్వాత వస్తాయి, ముందు "నొక్కుడు, లాగుడు" అననివ్వండి. దీనికి పిల్లలు రకరకాల మందులు కనిపెడతారు, పైన రెండు గొట్టాలు వెయ్యడం, లోతు పెంచడం, పై గొట్టాన్ని మధ్యలో ఒక అడ్డకట్టుతో పట్టడం. మూడోదానికి వెనక మంచి లెక్క ఉంది, సన్నటి పొడుగు గొట్టాన్ని కొసల నుంచి నొక్కినప్పుడు అది పక్కకి ఒరగకుండా తట్టుకునే బరువు, పొడవు సగం చేస్తే 4 రెట్లు అవుతుంది.

మిగతావి చిన్నవి. కొసలు బెంచి మీంచి జారిపోతే ఇటు 5, అటు 5 సెం.మీ. ఎక్కువ పెట్టుకోవాలి. బ్రిడ్జి మెలితిరిగి ఒరిగిపోతే రెండు గొట్టాలని పక్కపక్కన పెట్టి అడ్డంగా కట్టాలి. టేప్ ఊడితే, టేప్‌ని లాగే దిశలో అతికించారా, ఒలిచే దిశలో అతికించారా చూడమనండి.

పీరియడ్ చివర్లో ప్రతి గ్రూప్ ఒక వాక్యం రాయాలి: "మాది ఫలానా చోట ఫలానా కారణం వల్ల పాడైంది, అందుకే ఈ ఒక్కటి మారుస్తున్నాం." ఒక్కటే అని ఎందుకంటున్నానంటే మూడు మార్చి స్కోరు పెరిగితే దేనివల్ల పెరిగిందో ఎవరికీ తెలీదు. పిల్లలకి ఇది నచ్చదు, అన్నీ మార్చెయ్యాలని ఉబలాటం, కాస్త గట్టిగా పట్టుకోండి.

ఇక్కడే గోదావరి ఫోటోలు చూపిస్తా. రాజమండ్రి దగ్గర అదే నది మీద వేర్వేరు కాలాల రైలు బ్రిడ్జిలున్నాయి. 1900లో వచ్చిన హేవలాక్ బ్రిడ్జికి 56 స్పాన్లు (స్పాన్ అంటే రెండు స్తంభాల మధ్య భాగం), 1974లో కింద రైలు, పైన రోడ్డు పెట్టి కట్టిన ట్రస్ (త్రిభుజాల చట్రం) బ్రిడ్జి, హేవలాక్ బ్రిడ్జి మీద రైళ్లు ఆగిపోయిన 1997లోనే వాడకంలోకి వచ్చిన ఆర్చ్ బ్రిడ్జికి 28 స్పాన్లు, ఒక్కోటి 97 మీటర్ల పైనే. స్పాన్లు సరిగ్గా సగమయ్యాయి. నదిలో స్తంభాలు తగ్గితే లాభమేంటి, ఒక్కో స్పాన్ రెట్టింపు పొడవైతే వచ్చే కష్టమేంటి అని అడిగి వదిలేస్తా, సొంత బ్రిడ్జి కూలగొట్టుకున్న పిల్లలు ఆ ఫోటోని చూసే చూపు వేరుగా ఉంటుంది.

నాలుగు, ఐదు పీరియడ్లు: మళ్లీ కట్టడం

కొత్త డ్రాయింగ్, కొత్త అంచనా, బడ్జెట్ లెక్క, కట్టడం, టెస్ట్. ఈసారి మీరు చెయ్యాల్సింది చాలా తక్కువ, వాళ్లే నడిపించుకుంటారు. టెస్ట్ అయ్యాక బోర్డు మీద ప్రతి గ్రూప్‌కీ మొదటి స్కోరు, రెండో స్కోరు, తేడా రాయండి, రెండిటికీ క్లాస్ సగటు కట్టించండి. తేడా ఎక్కువున్న గ్రూపుల్ని లేచి ఏం మార్చారో చెప్పమనండి. తగ్గినవాళ్లు కూడా ఉంటారు, వాళ్లనీ మాట్లాడించండి, "బరువు తగ్గిద్దామని పై గొట్టం తీసేశాం, అదే మోస్తోందని తెలీలేదు" అని ఒక గ్రూప్ చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తు, గెలిచిన గ్రూప్ చెప్పినదాని కంటే అది క్లాసుకి ఎక్కువ ఉపయోగపడింది.

మార్కులు బ్రిడ్జికి వెయ్యకండి, నోట్‌బుక్‌కి వెయ్యండి. కొలతలతో డ్రాయింగ్, రాసిన అంచనా, పాడైన కారణం, మార్పుకి చెప్పిన కారణం, నేను ఈ నాలుగే చూస్తా. ఎఫ్‌ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో పెట్టే మూల్యాంకనం) ప్రాజెక్ట్ వర్క్‌కి మార్కులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి వీటిని అక్కడే వేసెయ్యొచ్చు, అదనపు రికార్డు అక్కర్లేదు. ఐదు పీరియడ్లు ఎక్కడ్నుంచి తెస్తారంటే, బలం, పీడనం, లెక్కల్లో అనుపాతం, సగటు, ఇవన్నీ ఇందులోనే వచ్చేశాయి, లెక్కల టీచర్‌తో మాట్లాడుకుంటే వాళ్లూ ఒక పీరియడ్ ఇస్తారు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 2020 జాతీయ విద్యావిధానంలో చెప్పిన 10 బ్యాగ్‌లెస్ రోజులు కూడా ఇలాంటి వాటికి బాగా సరిపోతాయి.

తర్వాత ఏం ఇవ్వొచ్చు

బ్రిడ్జి అయ్యాక ఐసు గడ్డ ఛాలెంజ్ బాగుంటుంది. ఒకే సైజు ఐసు ముక్కలు ఇచ్చి, రంపపు పొట్టు, ఎండుగడ్డి, పాతగుడ్డ, థర్మాకోల్, కాగితం వీటిల్లోంచి ఏవైనా రెండు ఎంచుకుని 30 నిమిషాలు కాపాడమనండి, కరిగిన నీళ్లని కొలజాడీలో కొలవండి. కోస్తాలో ఉన్న స్కూళ్లైతే తుఫాను ఇల్లు తప్పకుండా చేయించండి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటినప్పటి సంగతులు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసుకురమ్మని, ఆ తర్వాత అట్టతో ఇల్లు కట్టించి స్టాండ్ ఫ్యాన్ ముందు ఒక్కో అడుగు దగ్గరికి జరుపుతూ టెస్ట్ చెయ్యండి, ఎన్ని అడుగుల దూరంలో కప్పు లేచిపోయిందో అదే స్కోరు. ఫ్యాన్‌కి జాలీ ఉండాలి, స్విచ్ మీ దగ్గరే ఉండాలి.

మధ్యమధ్యలో ఇంటిపని కింద ఒక మోటారు మీదో మిక్సీ మీదో ఉన్న ప్లేటు చూసి ఉన్నదున్నట్టు రాసుకురమ్మనండి. కరెంటు ఉన్నప్పుడు ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పండి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు, కాబట్టి పొలంలో 5 హెచ్‌పీ మోటారు 3,730 వాట్లు, ఇంట్లో 750 వాట్ల మిక్సీ దాదాపు 1 హెచ్‌పీ. వాళ్ల నాన్న రోజూ తిప్పే మోటారు ప్లేటు మీద అక్షరాల్ని పిల్లలు చదివి ఇంట్లో చెప్పినప్పుడు ఆ ఇంట్లో జరిగే మాటలు నేను పేరెంట్స్ మీటింగ్‌లో విన్నాను, చాలా సంతోషమేసింది.

మూడో ఛాలెంజ్ నుంచి సమస్యని మీరు ఇవ్వకండి. వారం రోజులు ఇంట్లో, పొలంలో, కొట్లో ఎవరి పని కష్టంగా ఉందో చూసి, ఆ మనిషితో మాట్లాడి రాసుకురమ్మనండి, మల్లేశం గారు అమ్మని చూసినట్టు. కూర్చుని అంట్లు తోమే అమ్మమ్మ నడుం నొప్పి, మిరపకాయలు కోసేవాళ్ల చేతుల మంట, ఇలాంటివి వస్తాయి. ఐడియా బాగుంటే స్కూలు పిల్లల ఐడియాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్‌స్పైర్ మానక్‌కి పంపండి, ఎంపికైతే నమూనా చెయ్యడానికి పిల్లలకి 10,000 రూపాయలు ఇస్తారు. పంపేముందు ఒక్కటి చూసుకోండి, ఆ ఐడియా కనీసం ఒకసారి కట్టి, పాడై, మళ్లీ కట్టినదై ఉండాలి, యూట్యూబ్‌లో చూసి దించింది కాకూడదు. ఆ తేడా వాళ్ల నోట్‌బుక్ తెరిస్తే తెలిసిపోతుంది.

అన్నీ అయ్యాక విరిగిన బ్రిడ్జిల్లో మూడో నాలుగో ఏరి, ఏ సంవత్సరం, ఎంత మోసింది, ఎక్కడ పాడైంది అని చీటీ అంటించి ల్యాబ్ బీరువా పైన పెట్టండి. మా ల్యాబ్‌లో అలాంటివి పదకొండున్నాయి. కొత్త ఎనిమిదో తరగతి వచ్చినప్పుడు నేనేం చెప్పకముందే వాటిని దించి తిప్పి చూస్తారు.